నిప్పు లేని మంట

మూడో పీరియడ్. ఇన్‌ఫ్లమేషన్.
బోర్డు మీద అయిదు మాటలు రాశాను:
ఎరుపు, వేడి, వాపు, నొప్పి, పని చేయకపోవడం.
అయిదోది రాస్తుంటే చాక్‌పీసు విరిగింది.
కిటికీలోంచి ఏటుకూరు రోడ్డు గాలి వచ్చి
ముందు బెంచీ తుమ్మింది, వెనకే రెండోది,
ఆ తర్వాత నేనూ.
మార్చి నెల గుంటూరులో
ఉపోద్ఘాతం అక్కర్లేని పాఠం ఇది.

"దెబ్బ తగిలిన చోటికి రక్తం ఎందుకు పరిగెత్తుతుంది?"
నాగుల్ మీరా లేచాడు.
వాళ్ళ నాన్న మిర్చి యార్డులో కాటా దగ్గర ఉంటాడు.
"లారీ ఆగగానే టిక్కీలు దించడానికి
హమాలీలు మూగుతారు చూడండి మేడమ్, అలాగ."
క్లాసంతా నవ్వింది.
పదహారేళ్ళుగా చెబుతున్నాను,
నాకింత మంచి పోలిక దొరకలేదు.
అప్పటికప్పుడు నోట్సు పక్కన పెట్టేసి
రక్తనాళాన్ని యార్డు గేటు చేశాను,
తెల్లకణాల చేత చొక్కాలు విప్పించాను.
సరుకు దిగాక కూడా ఎవరూ ఇళ్ళకు పోకపోతే
దాన్ని దీర్ఘకాలికం అంటారు, రాసుకోండి అన్నాను.

అందరూ రాసుకుంటున్నారు.
చివరి బెంచీలో సువార్త మాత్రం
పెన్ను మూత పెట్టి చెయ్యెత్తింది.

"మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీస్తుంది మేడమ్.
రాత్రిళ్ళు చేతులు మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చుంటుంది.
ఎరుపుండదు. వాపుండదు.
ముట్టుకుంటే చల్లగానే ఉంటాయి.
మీరు రాసిన అయిదింట్లో
ఒక్కటే ఉంది.
మరి అది జబ్బు కింద రాదా?"

చెప్పాను.
నరం కొసన ఒక తలుపుంటుందనీ
ఒళ్ళు కాలినప్పుడు తెరుచుకోవాల్సిన ఆ తలుపు
కారం తట్టినా తెరుచుకుంటుందనీ
నిప్పంటుకుందని మెదడుకు కబురు పోతుందనీ.
కబురు అబద్ధం, మంట నిజం.
తెలుగుకు ఈ సంగతి ఎప్పుడో తెలిసినట్టుంది,
రెంటికీ ఒకే మాట పెట్టుకుంది.
కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది,
మీ అమ్మ మజ్జిగ తెలివైనదే అన్నాను.
ఇదే కారాన్ని ట్యూబులో నింపి
కీళ్ళనొప్పులకు అమ్ముతారనీ చెప్పాను,
తట్టగా తట్టగా నరం అలిసిపోయి
కబుర్లు పంపడం మానేస్తుందని.

"అంటే అమ్మకు ఈపాటికి ఆగిపోవాలి కదా మేడమ్?"

సువార్త గొంతులో ఎత్తిపొడుపు లేదు.
లెక్క తేలలేదంతే.
కాసేపు ఆలోచించి తనే అంది:
"సోమవారం ఎక్కువ మండుతుంది. శనివారానికి తగ్గుతుంది.
ఆదివారం మేం చర్చికి పోతాం, ఆ రోజు పనుండదు."

ఒక రోజు విశ్రాంతి దొరికితే చాలు,
నరం మళ్ళీ మేలుకుంటుంది.
ఈ ముక్క ఏ పుస్తకంలో చదివానో గుర్తు లేదు.
అసలు చదివానో లేదో కూడా.
హాజరు పట్టీ అంచున 'సోమవారం' అని రాసుకున్నాను.
బెల్లు కొట్టారు.

సెషనల్ పేపర్లు ఇంటికి తెచ్చాను.
ముప్పై ఎనిమిది మంది అయిదు మాటలూ వరసగా రాశారు.
మీరా హమాలీల బొమ్మ వేసి
తలల మీద బాణం గుర్తులు పెట్టాడు.
సువార్త నాలుగో మాట కింద
రెండు గీతలు గీసింది, ఇంకేం రాయలేదు దాని గురించి.
మిగతాదంతా నేను చెప్పిందే, నా మాటల్లోనే.
తొమ్మిది వేశాను.
పది ఎందుకు వేయలేదో అడిగితే చెప్పలేను.

పేజీ తిప్పి నిద్ర కళ్ళు నలుపుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున కూడా పనికి పోయొచ్చిందేమో,
ఆ అమ్మాయిని నేను అడగలేదు.
కన్ను భగ్గుమంది.
నీళ్ళతో పోదని క్లాసులో చెప్పినదాన్నే,
కుళాయి దగ్గరికే పరిగెత్తాను.
చాలాసేపటికి
తలెత్తి అద్దంలో చూసుకుంటే
నా కంట్లో ఎరుపు కూడా ఉంది.